పెంకులో మిగిలిన నిప్పు

వినాయక చవితికి తెచ్చిన పచ్చిమట్టి ప్రతిమను బకెట్టు నీళ్లలో ఉంచితే కరిగి అడుగున బురదగా మిగులుతుంది. అదే చెరువు మట్టితో చేసి, ఆవంలో కాల్చిన ప్రమిదను అదే బకెట్టులో వేస్తే మరుసటి ఏడాది చవితికి కూడా ప్రమిదగానే ఉంటుంది. రెండింటి మధ్య తేడా నిప్పు ఒక్కటే. పగిలిన మట్టిపాత్రల సమస్య అంతా ఈ తేడాలోనే ఉంది, దానికి దారీ అందులోనే ఉంది. ఓటికుండను, తాగి పడేసిన చాయ్ కప్పును, అంచు ఊడిన పింగాణీ పళ్లేన్ని చూసి మట్టే కదా, మట్టిలో కలిసిపోతుందిలే అనుకుంటాం. అది కలవదు. కాలిన మట్టి మరో పదార్థంగా మారిపోయింది. ఎంత వేడిలో కాలిందో ఆ మేరకు దానికి కొత్త గుణాలు వచ్చాయి. కాబట్టి పగిలిన పాత్రను ఏం చేయాలో తేల్చుకోవాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఎంత వేడి చూసింది? ఆ వేడికి తగిన పని చూపిస్తే పెంకు చెత్త కాకుండా సరుకవుతుంది. ఆ ప్రశ్న అడగకుండా అన్నిటినీ ఒకే గుట్టలో పోస్తే ఏ పనికీ రాకుండా పోతుంది.

వెనక్కి రాని దారి

బంకమట్టిలోని ముఖ్య ఖనిజాల్లో కెయోలినైట్ ఒకటి. సిలికా, అల్యూమినా పొరలతో ఏర్పడిన కంటికి కనిపించనంత సన్నని రేకుల రూపంలో ఇది ఉంటుంది. రేకుల చుట్టూ నీరు చేరితే అవి ఒకదానిపై ఒకటి జారతాయి. సారె మీద మట్టి కుమ్మరి చేతికి లొంగేది అందుకే. కుండను ఆరబెట్టినప్పుడు ఈ నీరు పోతుంది, తడిపితే మళ్లీ చేరుతుంది. ఆరుతుండగా పగిలిన పచ్చికుండను నానబెట్టి, తొక్కి, తిరిగి ముద్ద చేసుకోవచ్చు. ఆ దశలో మట్టికి నష్టమన్నది లేదు. అయితే ఖనిజం లోపల మరో రకం నీరుంది. అది తడిగా కనిపించదు, హైడ్రాక్సిల్ అణుజంటలుగా రేకు నిర్మాణంలోనే అల్లుకుపోయి ఉంటుంది. కెయోలినైట్ బరువులో దాని వాటా దాదాపు 14 శాతం. ఆవంలో వేడి 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి ఆ నీరు కూడా విడిపోయి వెళ్లిపోతుంది. దానితో రేకుల క్రమం చెదిరి, మెటాకెయోలిన్ అనే అస్తవ్యస్తమైన పదార్థం మిగులుతుంది. వేడి 1000 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోతే ముల్లైట్ అనే కొత్త స్ఫటికాలు పుడతాయి. మట్టిలో కలిపిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి గాజులా మారి సందులను పూడుస్తుంది. పేలాలు మళ్లీ వడ్లు కానట్టే, ఈ మెట్లు ఎక్కిన మట్టి నానబెడితే మెత్తబడే స్థితికి రాదు.

ఎక్కిన మెట్టును బట్టి పాత్రల జాతులు వేరు. కట్టెలు, పిడకలు, పొట్టు పేర్చి కాల్చే కుమ్మరి ఆవంలో కుండలు సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల వేడి చూస్తాయి. వాటి ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతుంది కాబట్టే ఎండాకాలంలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి. ఊరగాయ జాడీల వంటి గట్టి పాత్రలు 1200 డిగ్రీల పైన, అసలు పింగాణీ 1300 నుంచి 1400 డిగ్రీల దగ్గర కాలుతాయి. ఎర్రకుండ పెంకు తన బరువులో పదోవంతుకు మించి నీరు పీల్చగలదు. మంచి పింగాణీ అర శాతం కూడా పీల్చదు. ఈ తేడాను పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. విరిగిన అంచు మీద, పూత లేని చోట, ఒక నీటిబొట్టు వేస్తే చాలు. వెంటనే ఇంకిపోతే అది తక్కువ వేడిలో కాలిన మట్టి. బొట్టు నిలిచిపోతే ఎక్కువ వేడి చూసిన మట్టి. ఇక ముందు చెప్పబోయే ఉపయోగాలన్నీ ఈ నీటిబొట్టు చేసే విభజన మీదే ఆధారపడి ఉన్నాయి.

కాలిన మట్టి కాలక్రమంలోనైనా పాత మట్టి కాదా అన్న అనుమానం సహజం. దీనికి కొలిచి చెప్పిన జవాబుంది. కాల్చినప్పుడు పోయిన హైడ్రాక్సిల్ నీటిని పెంకు గాలిలోని తేమ నుంచి మళ్లీ తీసుకుంటుంది, కానీ చాలా నెమ్మదిగా. మాంచెస్టర్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ బరువు పెరుగుదల కాలానికి నాలుగో మూలం చొప్పున సాగుతుంది. అంటే మొదటి ఏడాదిలో తీసుకున్న తేమకు మొత్తం రెట్టింపు కావాలంటే 16 ఏళ్లు, పది రెట్లు కావాలంటే 10,000 ఏళ్లు పడుతుంది. ఈ లెక్కతో పెంకుల వయసు కట్టే పద్ధతిని కూడా వారు ప్రతిపాదించారు. ఆ పద్ధతి కచ్చితత్వంపై శాస్త్రవేత్తల్లో చర్చ సాగుతున్నా, తేమ తిరిగి చేరడంలోని నెమ్మది మాత్రం స్పష్టం. చైనాలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన పెంకుల వయసు దాదాపు 20,000 ఏళ్లు. మన దగ్గర కొండాపూర్, ధూళికట్ట, పెదబంకూరుల్లో శాతవాహనుల కాలపు జీవితాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు చదవగలిగారంటే, నాటి ఇళ్లలోని కలప, గుడ్డ, తాటాకు పోయినా పెంకులు చెక్కుచెదరకుండా నిలవడం అందుకు ఒక పెద్ద కారణం. చరిత్రకు వరమైన ఆ మన్నికే చెత్తకుప్ప దగ్గర సమస్యగా మారుతుంది.

పొడి చేయడానికి ముందు

పెంకును నూరడం చివరి మెట్టు. అంతకుముందు దాన్ని ఉన్న ఆకారంలోనే వాడుకోగలమా అని చూడాలి, ఎందుకంటే ఆకారంలో కూడా శ్రమ, ఇంధనం దాగి ఉన్నాయి. తెలుగు ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నీళ్లకు పనికిరాని ఓటికుండ పేలాలు వేయించే మంగలమైంది. కుండ బొచ్చె కోళ్లకు నీళ్ల తొట్టి అయింది, పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునే పాత్ర అయింది. పగిలిన ముక్క పిల్లలకు తొక్కుడుబిళ్ల ఆటలో బిళ్లయింది. వీటిలో మంగలం వెనక గట్టి శాస్త్రమే ఉంది. తక్కువ వేడిలో కాలిన రంధ్రాల మట్టి పొయ్యి మీది హఠాత్తు వేడిని పింగాణీ కన్నా బాగా తట్టుకుంటుంది, పుట్టిన పగులు రంధ్రాల దగ్గర ఆగిపోతుంది కాబట్టి.

ఇదే ఆలోచనను ఇంటి పైకప్పుకు తీసుకెళ్లినవాడు కేరళలో పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్. కాంక్రీటు స్లాబు బరువుకు వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు తట్టుకుంటుంది. సాగడాన్ని మాత్రం ఇనుపచువ్వలే మోస్తాయి, కింది కాంక్రీటు చేసే పని తక్కువ. ఆ తక్కువ పని చేసే చోట, చువ్వల మధ్య గడుల్లో, ఫ్యాక్టరీలో తిరస్కరించిన మంగళూరు పెంకులు అమర్చి పైన కాంక్రీటు పోయడమే ఫిల్లర్ స్లాబు. సిమెంటు, ఇసుక మిగులుతాయి, పెంకుల మధ్య చిక్కిన గాలి వల్ల గదిలోకి వేడి దిగడం తగ్గుతుంది. కోస్తా జిల్లాల్లో పాత పెంకుటిళ్లు కూల్చి డాబాలు కడుతున్న ప్రతి ఊళ్లో బంగళా పెంకులు గుట్టలుగా పడుతున్నాయి. ఆ డాబాల్లోకే అవి వెళ్లవచ్చు, ఇంజనీరు లెక్క కట్టిస్తే చాలు.

మొక్కల దగ్గర మాత్రం ఒక పాత నమ్మకాన్ని సవరించుకోవాలి. కుండీ అడుగున పెంకుముక్కలు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది అనుకుంటారు. నేల భౌతికశాస్త్రం ఇందుకు భిన్నంగా చెబుతుంది. సన్నని రేణువుల మట్టి నీటిని తన సందుల్లో బిగబట్టుకుంటుంది. కింద పెద్ద సందులున్న పెంకుల పొర ఉంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు అందులోకి దిగదు. దానితో తడి మట్టి పొర వేళ్లకు ఇంకా దగ్గరగా పైకి జరుగుతుంది. కుండీ రంధ్రం మీద మట్టి కారిపోకుండా ఒక్క వంపు పెంకు బోర్లిస్తే సరిపోతుంది. మిగతా ఎర్ర పెంకుల్ని శనగగింజంత ముక్కలు చేసి మట్టిలోనే కలిపితే అవి తడినీ గాలినీ దాచుకుంటాయి. మెడ విరిగినా అడుగు బాగున్న కుండ ఇంకా మేలైన పనిచేస్తుంది. దాన్ని పాదులో పాతి నీళ్లు నింపి మూత పెడితే, చుట్టూ నేల ఎండినకొద్దీ రంధ్రాల గోడ గుండా నీరు బయటికి చెమ్మగిల్లుతుంది, నేల తడిగా ఉంటే నెమ్మదిస్తుంది. రెండు వేల ఏళ్లనాటి చైనా వ్యవసాయ గ్రంథాల్లోనే ఈ కుండ సేద్యం వర్ణన ఉంది. పింగాణీ జాడీ ఈ పని చేయలేదు. వేడిని బట్టి పని అన్న సూత్రానికి ఇది మొదటి రుజువు.

మళ్లీ కుండలోకి, మళ్లీ గోడలోకి

ఇక పనికొచ్చే ఆకారం మిగలని పెంకుల సంగతి. వీటికి రెండు పెద్ద దారులున్నాయి. మొదటిది, కొత్త మట్టిలోకే వెళ్లడం. పచ్చిమట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. ఒకచోట ముందు, ఒకచోట వెనక కుంచించుకుంటే పాత్ర బీటలువారుతుంది. అప్పటికే కాలిన పెంకు పొడి మరోసారి కుంచించుకోదు. దాన్ని ముద్దలో కలిపితే మొత్తం కుంచింపు తగ్గుతుంది, లోపలి తేమ బయటికి పోవడానికి దారులు ఏర్పడతాయి, పుట్టిన పగులు రేణువును తాకి ఆగుతుంది. కుండల నిపుణులు గ్రాగ్ అని పిలిచే ఈ పొడిని నవీన శిలాయుగం నుంచీ అనేక దేశాల కుమ్మరులు వాడారు. పాత కుండల కోతల్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కుండలో కుండ ముక్కలు కనిపిస్తాయి. ఇప్పటి ఉక్కు కొలిమిలకు వాడే అగ్నిమట్టి ఇటుకల్లోనూ కాల్చి పొడిచేసిన మట్టిది పెద్ద వాటా. మన కుమ్మరులు ఇదే ప్రయోజనానికి ఇసుక, బూడిద, పేడ, పొట్టు కలుపుతారు. ఆవంలో పగిలిన తమ కుండల్నే దంచి, జల్లెడపట్టి కలుపుకుంటే ఇసుకకు పెట్టే ఖర్చు కొంత తగ్గుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బే స్వభావం కలది. కాలిన మట్టి పొడి ముద్దతో కలిసి సాఫీగా పెరుగుతుంది, తగ్గుతుంది. పొయ్యి మీద పెట్టే పాత్రలకు ఈ తేడా విలువైనది.

రెండో దారి గోడలోకి. సున్నంలో ఇటుకపొడి కలిపి నూరిన సుర్కీ గార మన తాతల కాలపు మేస్త్రీలకు సుపరిచితం. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని గట్టిపడుతుంది, తడి తగిలే చోట, గాలి చొరని మందపు గోడ లోపల అది నెమ్మదిస్తుంది. 600 నుంచి 900 డిగ్రీల మధ్య కాలిన మట్టిలో మాత్రం, ముందు చెప్పుకున్నట్టు, క్రమం చెదిరిన సిలికా, అల్యూమినా ఉన్నాయి. స్థిరమైన స్ఫటికాలుగా కుదురుకోని ఆ అణువులు తడి సున్నంతో చర్య జరిపి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే బంకను తయారుచేస్తాయి. ఈనాటి సిమెంటుకు బలమిచ్చేది కూడా ఇదే బంక. అందువల్ల సుర్కీ గార నీటిలో కూడా గట్టిపడుతుంది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట, 1911లో పని మొదలైన మైసూరు కృష్ణరాజసాగర్, స్వాతంత్ర్యం వచ్చాక పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట, మూడింటి నిర్మాణంలోనూ సున్నం, సుర్కీ గారను వాడారు. సుర్కీలో వాడే ఇటుకకూ, కుమ్మరి ఆవంలోని ఎర్రకుండకూ పదార్థంలో పెద్ద తేడా లేదు. ఎక్కువ వేడి చూసిన పింగాణీ ఇక్కడ వెనకబడుతుంది. దానిలో అణువులు ముల్లైటుగా, గాజుగా కుదురుకున్నాయి, సున్నంతో సులువుగా కలవవు. తక్కువ వేడి లోపంగా కనిపించే చోట అదే బలమైంది. వేడిని బట్టి పని అన్నదానికి ఇది రెండో రుజువు.

ఈ విద్యలో రోమన్లు ఆరితేరారు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వాస్తుగ్రంథం రాసిన విట్రూవియస్, నది ఇసుకతోనో సముద్రపు ఇసుకతోనో గార కలిపేటప్పుడు దంచి జల్లించిన కుండపెంకు మూడోవంతు చేరిస్తే గార మెరుగవుతుందని చెప్పాడు. రోమన్ నీటితొట్లు, స్నానశాలల నేలలు పెంకుపొడి కలిసిన గులాబీ రంగు గారతో నిండి ఉంటాయి. రోమ్ నగరంలోనే మోంటే టెస్టాచో అనే గుట్ట ఉంది. 35 మీటర్ల ఎత్తు, చుట్టూ దాదాపు ఒక కిలోమీటరు. అది పూర్తిగా పగిలిన నూనె జాడీల గుట్ట. క్రీస్తుశకం మొదటి మూడు శతాబ్దాల్లో ముఖ్యంగా స్పెయిన్ నుంచి ఆలివ్ నూనెతో వచ్చిన జాడీలు అక్కడ 5 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. ఒక్కో జాడీలో సుమారు 70 లీటర్ల నూనె పట్టేది, ఖాళీ జాడీ బరువే 30 కిలోల దాకా ఉండేది. పెంకుతో గార కలపడం తెలిసిన జాతి ఇన్ని కోట్ల పెంకుల్ని ఎందుకు గుట్ట పోసింది? రంధ్రాల మట్టి నూనెను పీల్చుకుంది. ఆ నూనె సున్నంతో కలిస్తే సబ్బు అవుతుంది, గార పట్టుకోదు. మందపు గోడల జాడీలు పెద్ద వంపు ముక్కలుగా పగలడంతో దంచడమూ కష్టమే. కంపు కొట్టకుండా రోమన్లు వాటి మీద సున్నం చల్లి వదిలేశారు. పదార్థం మంచిదైనా దానికి పట్టిన మురికి దాని తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తుందన్న పాఠం ఆ గుట్ట మనకు ఇస్తుంది.

సుర్కీ పాత కాలపు ముచ్చట అని తీసిపారేయడానికి లేదు. సిమెంటు పరిశ్రమ తన కార్బన్ భారాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ కాల్చిన మట్టి వైపే చూస్తోంది. సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారీకి సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా వేడిచేయాలి, ఆ రాయి తనలోని కార్బన్ డయాక్సైడును విడిచిపెడుతుంది. ప్రపంచపు మొత్తం కార్బన్ డయాక్సైడు విడుదలలో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం. స్విట్జర్లాండులోని ఇపిఎఫ్ఎల్ విశ్వవిద్యాలయం, మన ఐఐటి ఢిల్లీ, ఐఐటి మద్రాసు తదితర సంస్థలు కలిసి అభివృద్ధి చేసిన ఎల్‌సీ3 సిమెంటులో సగమే క్లింకర్, 30 శాతం దాకా కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. 2023లో భారత ప్రమాణాల సంస్థ దీనికి ప్రమాణం విడుదల చేసింది. ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఎల్‌సీ3 కోసం కెయోలినైట్ ఎక్కువున్న మట్టిని ఎంచి, అదుపులో పెట్టిన వేడిలో కాలుస్తారు. ఊరి చెరువు మట్టితో చేసిన కప్పుల పొడికి అంత చురుకు ఉండదు, ఒక్కో ఊరి మట్టి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి పెంకుపొడిని పరీక్ష లేకుండా పిల్లర్లలో వేయకూడదు. సున్నంతో కలిసి బంకగా మారే కాల్చిన మట్టి పొడికి (పొజోలానా) ఐఎస్ 1344 అనే భారత ప్రమాణం ఎప్పటినుంచో ఉంది, సున్నంతో దాని చురుకును కొలిచే పరీక్షా ఉంది. ఆ పరీక్ష దాటిన పొడి సున్నపు గారలో, నేల కింద పరిచే పొరల్లో, పాత కట్టడాల మరమ్మతుల్లో నిశ్చింతగా వాడవచ్చు. పాత కోటలు, గుళ్ల గోడలకు సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక రాయి పొరలూడుతుంది. అక్కడ సున్నం, సుర్కీలే సరైన మందు.

గట్టి పింగాణీకీ తనదైన దారి ఉంది. జపాన్‌లో గిఫు ప్రాంతపు మీనో పింగాణీ తయారీదార్లు 1997లో గ్రీన్‌లైఫ్ 21 అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇళ్లలో, హోటళ్లలో పగిలిన, వాడని పాత్రలను సేకరించి, మెత్తగా నూరి, కొత్త మట్టిలో 20 శాతం కలిపి మళ్లీ పాత్రలు చేశారు. తర్వాత ఆ వాటాను 50 శాతానికి పెంచిన పాత్రలూ వచ్చాయి. ఒకసారి కరిగి గాజైన ఫెల్డ్‌స్పార్ మళ్లీ కొలిమిలోకి వెళ్లినప్పుడు ముద్దను కరిగించి కలపడంలో సాయపడుతుంది, అందుకే తెల్లపాత్ర పొడి తెల్లపాత్రలోనే ఎక్కువ విలువ చేస్తుంది. మరికొంత ముక్కలై కాంక్రీటులోకి, దారుల కిందికి వెళ్లవచ్చు. రాయి దొరకని బంగ్లాదేశ్ డెల్టాలో ఇటుక ముక్కల కాంక్రీటుతో ఇళ్లు కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. పింగాణీని మాత్రం సీసాల గుట్టలో వేయకూడదు. సీసాల గాజు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ వేడికి ముల్లైట్ కరగదు. టన్ను గాజులో కొన్ని పదుల గ్రాముల పింగాణీ ఉన్నా కొత్త సీసాల్లో గట్టి గింజలుగా మిగిలి, వాటి దగ్గరే సీసా పగులుతుంది.

అభ్యంతరాలు, జవాబులు

మట్టికి కరువా, ఇంత కష్టమెందుకు అన్నది మొదటి అభ్యంతరం. మట్టి విస్తారంగా ఉన్నమాట నిజం. పాత్ర ఖరీదులో మాత్రం మట్టిది చిన్న వాటా. అసలు ఖర్చు అది కాలిన వేడి. ఆవంలో మండిన కట్టె, పింగాణీ కొలిమిలో కాలిన గ్యాసు తిరిగి రావు. ఆ వేడి మట్టిలో తెచ్చిన మార్పు మాత్రం పెంకులో అలాగే నిలిచి ఉంది. సుర్కీ చేయాలన్నా, గ్రాగ్ చేయాలన్నా, ఎల్‌సీ3కి మట్టి సిద్ధం చేయాలన్నా మళ్లీ కొత్తగా మట్టిని కాల్చాల్సిందే. ఒకసారి జరిగిపోయిన ఆ పనిని గుంతలో పూడ్చి, పక్కనే మరో కొలిమి వెలిగించడం తర్కానికి నిలవదు. మంచి మట్టి కూడా అన్నిచోట్లా లేదు. చెరువు పూడికలు, పొలాల పైమట్టి ఇటుక బట్టీలకు పోతున్న ఊళ్లలో కుమ్మరులకే సరైన మట్టి దొరకడం లేదు.

నూరడానికి, మోయడానికి ఖర్చయ్యే ఇంధనం లాభాన్ని తినేస్తుందన్నది రెండో అభ్యంతరం. దీన్ని అంకెలతో తూచాలి. టన్ను సిమెంటును మెత్తగా నూరడానికి సుమారు 30 నుంచి 40 యూనిట్ల కరెంటు పడుతుంది. టన్ను క్లింకర్‌ను కాల్చడానికి 3 గిగాజౌళ్లకు పైగా వేడి కావాలి, యూనిట్లలో చెబితే 800కు మించి. ఎర్ర పెంకు క్లింకర్ కన్నా మెత్తన, నూరడం దానికన్నా తేలిక. కాబట్టి పెంకుపొడి క్లింకర్‌లో కొంత భాగం స్థానంలోకి వచ్చినా లెక్క లాభంలోనే ఉంటుంది. మోత విషయంలో అభ్యంతరం సరైనదే. బరువెక్కువ, ధర తక్కువ ఉన్న సరుకును వందల కిలోమీటర్లు లారీలో తిప్పితే లాభం డీజిల్ పాలవుతుంది. దాన్నుంచి వచ్చే నియమం కూడా సూటిగానే ఉంది: పెంకు పుట్టిన ఊళ్లోనే, ఆ మండలంలోనే పనిచేయాలి. ఇంటింటి నుంచి ఒక్కో ముక్క ఏరడం కన్నా కుమ్మరి వాడలు, చాయ్ దుకాణాలు, టైల్స్ గోదాములు, శానిటరీ సామాను ఫ్యాక్టరీలు వంటి పెంకులు గుట్టపడే చోట్ల నుంచి మొదలుపెట్టాలి.

మట్టి కప్పులు ప్లాస్టిక్ కన్నా మేలే కదా, వాటిని ఎందుకు తప్పుపట్టాలి అన్నది మూడోది. 2004లో రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ యాదవ్ స్టేషన్లలో కుల్హడ్లనే మట్టి కప్పులు ప్రవేశపెట్టినప్పుడు కుమ్మరులకు పని, ప్రయాణికులకు శుభ్రత అన్న రెండు మంచి ఉద్దేశాలూ అందులో ఉన్నాయి. ఈనాడు హైదరాబాదు, విజయవాడ వీధుల్లోనూ మట్టి కప్పు చాయ్ దుకాణాలు కనిపిస్తున్నాయి. మట్టి కప్పు సూక్ష్మ ప్లాస్టిక్‌గా మారదు, పశువు కడుపులో చుట్టుకోదు. ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ ప్రతి కప్పు వెనక ఆవంలో కాలిన కట్టె ఉంది, ఆ కప్పు ఆయువు ఐదు నిమిషాలు. కడిగి వాడే గాజు గ్లాసు ఉన్నచోట అదే మేలు. మట్టి కప్పే కావాలనుకున్న చోట, దుకాణం పక్కన వేరే డబ్బా పెట్టి ఆ కప్పుల్ని సేకరించాలి. పూత లేని, తక్కువ వేడిలో కాలిన, చాయ్ తప్ప మరే మురికీ అంటని ఆ కప్పులు సుర్కీకి, గ్రాగ్‌కు అన్నిటికన్నా అనువైన ముడిసరుకు. కడిగి ఎండబెడితే రోమన్ల నూనె జాడీలకు వచ్చిన చిక్కు వీటికి రాదు.

నాలుగోది ఆరోగ్యానికి సంబంధించినది, దీన్ని అన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవాలి. తక్కువ వేడిలో మెరిసే పూత రావాలంటే పూర్వం సీసం కలిపేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల కలుపుతారు. ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం ఉండవచ్చు. చింతపండు పులుసు, నిమ్మరసం వంటి పుల్లని పదార్థాలు వాటిని కరిగించి బయటికి లాగుతాయి. పూత మీద వెంట్రుకవాసి పగుళ్లున్న పాత రంగుల గిన్నెను వంటకు వాడకూడదు, కూరగాయల మట్టిలో దాని ముక్కలు కలపకూడదు, పొడి చేయకూడదు. పగిలిన పాత్ర వంటింట్లో ఉంచకూడదన్న పెద్దల మాటకు ఇంత శాస్త్రబలం ఉంది, పగుళ్లలో చేరే సూక్ష్మజీవుల సంగతి దానికి అదనం. నూరేటప్పుడు లేచే ధూళి మరో ముప్పు. కాలిన మట్టిలో మిగిలిన క్వార్ట్జ్ సన్నని ధూళిగా ఊపిరితిత్తుల అడుగుకు చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. పీల్చిన స్ఫటిక సిలికా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ బలపాల పరిశ్రమ కార్మికులు ఈ జబ్బుకు ఎలా బలయ్యారో దేశం చూసింది. అందుకని ఇంటి పెరట్లో సుత్తితో పొడిగా దంచే పని వద్దు. పెంకును తడిపి పగలగొట్టాలి, మెత్తగా నూరడం మూసిన యంత్రంలో, ధూళి పట్టే ఏర్పాటుతో జరగాలి. ఈ జాగ్రత్త లేకుండా చేసే పునర్వినియోగం చెత్తను కార్మికుడి ఊపిరితిత్తుల్లోకి మార్చడమే అవుతుంది.

ఈ వాదనలన్నీ చివరికి ఒక చిన్న ఏర్పాటు దగ్గర కలుస్తాయి. పెంకును మూడు గుట్టలుగా విడదీయాలి. నీటిబొట్టు ఇంకే, పూతలేని ఎర్రమట్టి మొదటిది, అది కుమ్మరి ముద్దకో, సున్నపు గారకో వెళ్లాలి. బొట్టు నిలిచే తెల్ల పింగాణీ రెండోది, అది పింగాణీ ఫ్యాక్టరీకో, కాంక్రీటు కంకరకో వెళ్లాలి. అనుమానపు పూతలున్న పాత రంగుల పాత్రలు మూడోది, అవి మట్టినీ నీటినీ తాకని చోట భద్రంగా ఉండాలి. హైదరాబాదు జీడిమెట్ల వంటి చోట్ల కూల్చిన కట్టడాల వ్యర్థాలను నలగగొట్టే కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. నిర్మాణ కంకరకు సంబంధించిన ఐఎస్ 383 ప్రమాణం 2016 నుంచి పునర్వినియోగ కంకరకు పరిమితులతో చోటిచ్చింది. ఆ కేంద్రాల పక్కన ఎర్ర పెంకుకు వేరే వరస పెట్టడం పెద్ద పెట్టుబడి కాదు. కుమ్మరి సంఘాలకు మూసిన గిర్ని ఒకటి, సున్నంతో చురుకు కొలిచే పరీక్షా సదుపాయం ఒకటి కల్పిస్తే, ఆవంలో పగిలిన సరుకు నష్టంగా కాకుండా రెండో ఆదాయంగా మారుతుంది, పాత కట్టడాలు బాగుచేసే మేస్త్రీలకు మంచి సుర్కీ ఊళ్లోనే దొరుకుతుంది. ఊరికి ఒక గిర్ని, దుకాణానికి ఒక డబ్బా, ఇంటికి ఒక నీటిబొట్టు పరీక్ష: ఇవి మన పురపాలికలు, పంచాయతీలు ఈ ఏడాదే మొదలుపెట్టగల పనులు. ఒకసారి కాల్చిన మట్టికి మళ్లీ పని చూపించకుండా మరో ఆవం వెలిగించే హక్కు, కట్టెకూ బొగ్గుకూ ఇంత ఖరీదు చెల్లిస్తున్న కాలంలో మనకు లేదు.